ఆగడం తెలిసిన చేయి: వెచ్చని నదుల్లో ఫ్లై ఫిషింగ్

మామూలు గాలంలో బరువంతా చివర ఉంటుంది. సీసపు గుండో, బరువైన ఎరో గాలిలో దూసుకుపోతుంటే సన్నని తీగ దాని వెంట పరుగెడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగులాగానో చిరుచేపలాగానో తయారుచేసిన ‘ఫ్లై’కి బరువు ఉండీ లేనట్టే ఉంటుంది, దాన్ని చేత్తో విసిరితే రెండు బారల దూరం కూడా పోదు. అందుకని లైన్ అనే ఆ తీగకే బరువు ఇచ్చి, ఆ లైన్‌నే విసిరి, దాని చివర ఉన్న ఫ్లైని అది మోసుకుపోయేలా చేస్తారు. ఈ ఒక్క మార్పు నుంచే ఈ విద్యలోని కష్టమూ అందమూ రెండూ పుట్టాయి.

ఇది చల్లని నీళ్ల ఒడ్డున పెరిగిన విద్య. సుమారు 1800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలోని ఒక నది దగ్గర కొక్కేనికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు కట్టి, ఒంటి మీద చుక్కలున్న చేపలను పట్టే తీరును వర్ణించాడు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన ఒక చిన్న గ్రంథం పన్నెండు రకాల ఫ్లైలను ఎలా కట్టాలో చెప్పింది. ఆ తరువాతి శతాబ్దాల్లో ట్రౌట్ అనే చేప చుట్టూ ఒక పెద్ద శాస్త్రమే అల్లుకుంది. ఈనాటికీ కొత్తవారికి చెప్పే పాఠాల్లో ఎక్కువ భాగం ఆ చేప అలవాట్లను బట్టి తయారైనవే. అందువల్ల వెచ్చని నదిలో బాస్, సన్‌ఫిష్, చబ్, కార్ప్, మహసీర్ లాంటి చేపల కోసం నీళ్లలోకి దిగినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. తాము నేర్చుకున్న నియమాల్లో ఏవి భౌతికశాస్త్రానికి చెందినవో, ఏవి ట్రౌట్‌కు మాత్రమే చెందినవో వారికి తెలియదు. మొదటి రకం నియమాలు ఏ నదిలోనైనా నిలుస్తాయి. రెండో రకం వాటిని ఒడ్డునే వదిలేయాలి.

నా దృష్టిలో అసలు తేడా ఒక్కచోట ఉంది. ట్రౌట్ వేటలో నైపుణ్యమంతా ఫ్లైకి సొంత కదలిక లేకుండా చేయడంలో ఉంటుంది. ప్రవాహంలో కొట్టుకొస్తున్న పురుగుకు దారం కట్టి ఉండదు కనుక, దారం ఉన్న ఫ్లై కూడా లేనట్టే తేలుతూ రావాలి. వెచ్చని నీటి చేపల్లో చాలావాటికి ఇది నిదానంగా సాగే నిస్సారమైన భోజనం. వాటిని రెచ్చగొట్టేది కదలిక. కదిలిన ప్రాణి ఉన్నట్టుండి ఆగిపోవడం అంతకంటే ఎక్కువగా రెచ్చగొడుతుంది. కాబట్టి ఇక్కడ నేర్చుకోవలసింది కదపడం, ఆ తరువాత ఆపడం. చిత్రమేమిటంటే, లైన్ విసరడంలోనూ కొత్తవారు తప్పటడుగు వేసేది కదిలించే చోట కాదు, ఆగవలసిన చోటే.

ముందు చేపల శరీరం గురించి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే వెచ్చని నీరు అన్నది అంతా ఉష్ణోగ్రతకు సంబంధించిన మాట. ట్రౌట్ హాయిగా ఉండేది సుమారు 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య. నీరు 20 డిగ్రీలు దాటితే అది ఇబ్బంది పడడం మొదలవుతుంది. ఉత్తర అమెరికా నదుల్లో పేరుపొందిన స్మాల్‌మౌత్ బాస్ సరిగ్గా ఆ దశలోనే చురుకెక్కుతుంది. చేప తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. నీరు 10 డిగ్రీలు వేడెక్కితే దాని శరీరం ప్రాణవాయువును ఖర్చుచేసే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఆకలీ అలాగే పెరుగుతుంది. అయితే అదే సమయంలో నీటిలో కరిగి ఉండగలిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 11 మిల్లీగ్రాములకు పైగా ఇమడగలిగిన ప్రాణవాయువు, 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అంటే వేసవి చేపకు ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన సంసారం.

నదిలో చేప ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ లెక్కలోనే దొరుకుతుంది. గులకరాళ్ల మీదుగా గలగలమని పారే పలచటి ప్రవాహంలో గాలి బాగా కలుస్తుంది కనుక, ఎండ ముదిరిన రోజుల్లో ఆ ప్రవాహం మడుగులోకి దూకే చోటు చేపలకు ఊపిరి తీసుకునే స్థలమూ, భోజనం కొట్టుకొచ్చే స్థలమూ అవుతుంది. కాని వడిలో ఎదురీదుతూ నిలబడితే తిన్నదంతా ఈతకే ఖర్చవుతుంది. అందుకే చేప వడిలో ఉండదు, వడి పక్కన ఉంటుంది. పెద్ద బండరాయి వెనకా, కొంత మేరకు దాని ముందు భాగంలోనూ నీరు నెమ్మదించే చిన్న జాగా ఏర్పడుతుంది; పడిపోయిన చెట్టు మొద్దు, ఒడ్డు కింద కోసుకుపోయిన గుహ, రెండు పాయలు కలిసే చోటు ఇలాంటివే. వేగంగా పారే నీరూ నెమ్మదిగా పారే నీరూ ఒరుసుకునే చోట నీటి మీద ఒక సన్నని గీత కనిపిస్తుంది, నురుగు బుడగలు ఆ గీత వెంటే సాగిపోతాయి. నది చూడడం నేర్చుకోవడమంటే ముందుగా ఈ గీతలను చూడడం నేర్చుకోవడమే. తెల్లవారుజామునా మునిమాపునా వేట బాగుంటుందన్న మాట కూడా వట్టి నానుడి కాదు; మసక వెలుతురులో వేటాడే చేపకు దాని ఆహారం కంటే చూపు సౌలభ్యం ఎక్కువ. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. నాచు దట్టంగా పెరిగిన నిలకడ నీటిలో మొక్కలు రాత్రంతా ప్రాణవాయువును వాడుకుంటాయి కనుక, సూర్యోదయానికి ముందు అక్కడ అది అతి తక్కువగా ఉంటుంది. అలాంటి చోట తొలి వెలుగు కంటే సాయంత్రమే మేలు.

చేప మనల్ని ఎలా గమనిస్తుందన్నది మరో చిక్కుముడి. నీటిలోంచి పైకి చూసే కంటికి బయటి ప్రపంచమంతా ఒక గుండ్రని కిటికీలోంచే కనిపిస్తుంది. కాంతి వంగడం వల్ల ఏర్పడే ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. చేప మీటరు లోతున ఉంటే ఆ వలయం అడ్డకొలత దాదాపు 2.3 మీటర్లు ఉంటుంది, చేప పైకి వచ్చేకొద్దీ అది చిన్నదవుతుంది. ఆ వలయం అంచు వెలుపల నీటి పైతలం చేపకు అద్దంలా నది అడుగునే చూపిస్తుంది. ఒడ్డు మీద వంగి, తక్కువ ఎత్తులో ఉన్న మనిషి రూపం వలయం అంచున నలిగిపోయి దాదాపు కనిపించదు. నిటారుగా నిలబడి చెయ్యెత్తిన మనిషి స్పష్టంగా కనిపిస్తాడు.

ఇక వినికిడి. కార్ప్, మహసీర్, చబ్ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. వీటిలో చిన్న ఎముకల వరస ఒకటి గాలితిత్తిని లోపలి చెవితో కలుపుతుంది. దానివల్ల బాస్ వినలేని శబ్దాలను కూడా ఇవి వింటాయి. ఇనుప మేకుల బూటు రాయికి తగిలితే బాస్ పట్టించుకోకపోవచ్చు గాని కార్ప్ మడుగు ఖాళీ చేస్తుంది. పైగా ఈ కుటుంబంలోని చేప చర్మం చీరుకుంటే అందులోంచి విడుదలయ్యే పదార్థం తోటి చేపలను బెదరగొడుతుందని, తేనెటీగల పరిశోధనతో ప్రసిద్ధుడైన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో చిన్న చేపల మీద గమనించి చెప్పాడు. ఎంత చప్పుడు చేయవచ్చు, ఎంత దగ్గరికి వెళ్లవచ్చు అన్నవి అన్ని చేపలకూ ఒకే రకంగా చెప్పగల మాటలు కావు.

ఇప్పుడు విసురు సంగతి. దీని గురించి చెప్పే మాటలు ఎన్ని ఉన్నా, లోపల పనిచేసే సూత్రం ఒక్కటే: రాడ్ (గాలపు కర్ర) కొన ఏ దారిలో పోతే లైన్ ఆ దారిలోనే పోతుంది. చేయి నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోయి, చటుక్కున ఆగాలి. అలా సాగేటప్పుడు లైన్ బరువు రాడ్‌ను వంచుతుంది. ఆగగానే రాడ్ నిటారవుతుంది, లైన్ దాని కొనను దాటి ముందుకు పోతుంది. కింది వరస రాడ్‌కు కట్టుబడి ఉండగా పై వరస దూసుకుపోతుంది కనుక లైన్ పక్కకు పడుకోబెట్టిన గుర్రపునాడా ఆకారంలో విప్పుకుంటుంది. దాన్నే లూప్ అంటారు. రాడ్ కొన సరళరేఖలో సాగితే లూప్ సన్నగా వస్తుంది, గాలిని కోసుకుపోతుంది. చేతిని విసనకర్రలా ఊపితే కొన చాపంలా తిరిగి, లూప్ వెడల్పై, మధ్యలోనే సత్తువ చాలక కూలిపోతుంది. బలాన్ని క్రమంగా పెంచకుండా ఒక్కసారిగా ప్రయోగిస్తే కొన మధ్యలో కిందికి కుంగి, పై వరస కింది వరసకు తగులుకుని, చివరి సన్నని తీగలో ముడి పడుతుంది. ఆ ముడిని గాలి ముడి అంటారు గాని గాలికి ఏ పాపమూ తెలియదు. చాలాసార్లు దానివల్ల తీగ బలం సగానికి తగ్గుతుంది కనుక విప్పడమో, కోసి మళ్లీ కట్టడమో తప్పదు.

ఇక వెనక విసురు. ముందుకు విసరాలంటే ముందు లైన్ వెనక పూర్తిగా చాచుకోవాలి. చాచుకోని లైన్ రాడ్‌ను వంచలేదు. అందుకు వెనక విసురు చివర ఆగాలి, ఎంత పొడవు లైన్ బయట ఉంటే అంత ఎక్కువసేపు ఆగాలి. దాదాపు ప్రతి కొత్త చేయీ ఇక్కడ తొందరపడుతుంది. కొరడా ఝళిపించినట్టు వెనక టప్‌మని చప్పుడు వినిపించిందంటే తొందరపడ్డారన్నమాట, ఫ్లై ఊడిపోయి ఉండవచ్చు కూడా. ఒకటి, రెండు అని లెక్కపెట్టమని కొందరు చెబుతారు. నా అనుభవంలో ఆ లెక్క ఎప్పుడూ కుదరలేదు, ఎందుకంటే లైన్ పొడవు మారినప్పుడల్లా లెక్క మారుతుంది. మెడ తిప్పి వెనక్కి చూడడమే సరైన మార్గం. గడియారపు ముల్లును ఊహించుకుని పదింటికీ రెండింటికీ మధ్యనే చేయి ఆడించాలన్న పాత సూత్రం పొట్టి విసురుకు చెల్లుతుంది గాని, పొడవైన విసురుకూ బరువైన ఫ్లైకీ చేయి మరింత దూరం కదలాలి. ఈ విద్యకు పేరుపొందిన అమెరికన్ గురువు లెఫ్టీ క్రే (1925–2018) జీవితమంతా పోరాడి చెప్పింది ఇదే.

పరికరాల విషయంలో అంకెలు భయపెడతాయి గాని వాటి వెనక ఉన్న లెక్క సులభం. లైన్ మొదటి 30 అడుగుల బరువును బట్టి దానికి సంఖ్య ఇస్తారు. 5వ సంఖ్య లైన్‌లో ఆ భాగం సుమారు 9 గ్రాములు, 6వ సంఖ్యలో 10.4 గ్రాములు, 8వ సంఖ్యలో 13.6 గ్రాములు ఉంటుంది. రాడ్ మీద రాసి ఉన్న సంఖ్య అది మోయగల లైన్‌ను తెలుపుతుంది. చేప సైజును బట్టి సంఖ్యను ఎంచుకోవాలనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఎంచుకోవలసింది ఫ్లైని బట్టి. గాలిని అడ్డుకునే లావుపాటి ఫ్లైని తేలిక లైన్ తీసుకుపోలేదు. నదిలో బాస్ కోసమైతే 6 నుంచి 8 దాకా, చిన్న సన్‌ఫిష్‌కు 3 లేదా 4 సరిపోతాయి. మొదటిసారి కొనేవారికి 9 అడుగుల 6వ సంఖ్య రాడ్, ముందు భాగం బరువుగా ఉండి తేలే లైన్ అన్ని విధాలా అనుకూలం. లీడర్ అనే చివరి పారదర్శకమైన తీగకు ట్రౌట్ పాఠాల్లో చెప్పే సన్నదనం ఇక్కడ అక్కర్లేదు. దాని మందం సంఖ్యను 11 నుంచి తీసివేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం తెలుస్తుంది: 5ఎక్స్ అంటే 0.006 అంగుళం, 0ఎక్స్ అంటే 0.011 అంగుళం. బాస్‌కు 0ఎక్స్ నుంచి 2ఎక్స్ దాకా వాడవచ్చు. పొట్టి లీడర్ లావు ఫ్లైని బాగా తిప్పుతుంది. దక్షిణ అమెరికాలోని డొరాడో, ఆఫ్రికాలోని టైగర్‌ఫిష్ లాంటి పదునైన పళ్ల చేపలకు చివర ఒక ముక్క లోహపు తీగ ఉండాల్సిందే.

ఫ్లైల పెట్టెను నింపడంలో మితం పాటించాలి. వెచ్చని నది చేప తన ముందుకొచ్చిన పురుగు ఏ జాతిదో పరిశీలించేంత నాజూకుది కాదు. అది చూసేది సైజు, లోతు, నడక. ఈ విషయం తెలిసినవారు తయారుచేసిన రెండు ఫ్లైలు నేటికీ పెట్టెలో మొదటి స్థానంలో ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన రసెల్ బ్లెస్సింగ్ 1967లో కట్టిన వూలీ బగర్ మొదట స్మాల్‌మౌత్ కోసం, రాళ్ల కింద బతికే ఒక నల్లని పెద్ద పురుగును మనసులో పెట్టుకుని తయారుచేసినది. దాని తోకలోని మెత్తని ఈకలు లాగినప్పుడు ముడుచుకుని, ఆగినప్పుడు ఊపిరి తీసుకున్నట్టు విచ్చుకుంటాయి. రెండోది, అక్కడి సస్క్విహానా నదిలో చేపలవేటకు దారి చూపిన బాబ్ క్లౌజర్ 1987లో కట్టిన క్లౌజర్ మిన్నో. దాని కొక్కెం మెడ మీద డంబెల్ ఆకారపు సీసపు కళ్లు ఉంటాయి. ఆ బరువు వల్ల ఫ్లై తిరగబడి ముల్లు పైకి ఉండేలా ఈదుతుంది, అడుగున రాళ్లకు తక్కువగా తగులుకుంటుంది. లైన్‌ను జానెడు లాగితే పైకి లేస్తుంది, ఆపితే ముక్కు ముందుకు వాల్చి కిందికి దిగుతుంది. బాస్ దాన్ని నోట కరుచుకునేది సాధారణంగా ఆ దిగే క్షణంలోనే.

నీటి పైన ఆడే పాపర్ అనే ఫ్లైలో ఆగడం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. బెండుతోనో నురుగు పదార్థంతోనో చేసిన దాని ముఖం గుంటలా ఉంటుంది. బెత్తెడు లాగితే నీటిని ముందుకు నెట్టి బుడుక్కుమంటుంది. కొత్తవారు ఆ చప్పుడుకు మురిసిపోయి ఆపకుండా లాగుతూనే ఉంటారు. నిజానికి పాపర్ నీటి మీద పడగానే ఏమీ చేయకూడదు. అది పడినప్పుడు పుట్టిన వలయాలు విస్తరించి చెదిరిపోయే వరకు చూస్తూ ఉండాలి. ఆ నిశ్శబ్దంలో చేప దాని కిందికి వచ్చి నిలబడి ఉంటుంది. అప్పుడు రబ్బరు కాళ్లు కదిలేంతగా లైన్‌ను కాస్త బిగించినా చాలు. ప్రవాహం మాత్రం ఈ విశ్రాంతిని ఒప్పుకోదు. మధ్యలో ఉన్న వేగపు నీరు లైన్‌ను పట్టుకుని ఫ్లైని ఈడ్చుకుపోతుంది. అందుకే లైన్ పడిన వెంటనే రాడ్ కొనతో దాన్ని ఎగువకు మళ్లించి, ఒక వంపు మిగిల్చి, ఫ్లైకి కొంత వ్యవధి కొనిపెడతారు. ట్రౌట్ పాఠాల నుంచి తప్పక తెచ్చుకోవలసిన సామాను ఇది.

చేప పట్టిందని తెలిసినప్పుడు ఏం చేయాలన్న చోట మాత్రం ట్రౌట్ అలవాటు పూర్తిగా దెబ్బతీస్తుంది. అక్కడ రాడ్‌ను పైకెత్తడం పద్ధతి. బాస్ నోరు తెరిచి నీటితో సహా ఆహారాన్ని లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. రాడ్ ఎత్తితే దాని మెత్తని కొన దెబ్బ తీవ్రతను మింగేస్తుంది, పైగా ఫ్లై చేప ముందు నుంచి ఎగిరిపోతుంది. అందుకు బదులుగా రాడ్ కొనను నీటికి ఆనించి, ఫ్లై వైపే గురిపెట్టి ఉంచి, ఎడమచేతితో లైన్‌ను మూరెడు గట్టిగా లాగాలి. చేప తప్పిపోతే ఫ్లై అక్కడే ఉంటుంది, అది మళ్లీ రావచ్చు. పాపర్ విషయంలో ఇంకో నిగ్రహం కావాలి: నీళ్లు చిమ్మడం చూసి కాదు, లైన్‌లో బరువు తగిలిన తరువాతే లాగాలి. కళ్లు చెప్పినదాన్ని కాదని వేళ్లు చెప్పేదాకా ఆగడం ఎన్నేళ్లకు వంటబడుతుందో నేను చెప్పలేను.

పైన చెప్పినదంతా వేటాడే చేపల గురించి. కార్ప్ దీనికి మినహాయింపు. అది తల కిందికి, తోక పైకి పెట్టి అడుగు బురదను వెతుక్కుంటూ తింటుంది. దాని దగ్గర ఫ్లైని ఆడిస్తే పారిపోతుంది. చిన్న ఫ్లైని దాని దారికి కొంచెం ముందు వేసి, అడుగుకు దిగనిచ్చి, తల అటు తిరిగిందా, దవడలు కదిలాయా అని కంటితోనే కనిపెట్టాలి. నీటి మెరుపును తొలగించే పోలరాయిడ్ కళ్లద్దాలు లేకుండా ఈ పని సాధ్యం కాదు. ఆ కళ్లద్దాలు వెనక నుంచి వచ్చే కొక్కెం నుంచి కన్నును కాపాడడానికి కూడా ఉపయోగపడతాయి.

నేర్చుకునే క్రమంలో నేను మొదట సూచించేది నదికి వెళ్లకపోవడం. పచ్చిక మైదానంలో, ఫ్లైకి బదులు చిన్న ఉన్ని పోగు కట్టి, 8 నుంచి 10 మీటర్ల దూరానికే రోజూ పావుగంట విసిరితే, వారానికి ఒకరోజు మూడు గంటలు చేసినదానికంటే చేయి త్వరగా దారిలో పడుతుంది. దూరం మీద మోజు అనవసరం. నదిలో పట్టే చేపల్లో ఎక్కువ భాగం 15 మీటర్ల లోపలే పట్టుబడతాయి. వెనక చెట్లున్నప్పుడు పనికొచ్చే రోల్ కాస్ట్ అనే విసురును మాత్రం నీటి మీదే నేర్చుకోవాలి, ఎందుకంటే అందులో లైన్‌ను పట్టి ఉంచేది నీటి పట్టే. పచ్చికకు ఆ పట్టు ఉండదు. లైన్‌ను ఎడమచేతితో లాగి వేగం పెంచే డబుల్ హాల్ జోలికి మొదటి సంవత్సరం పోకపోయినా నష్టం లేదు. ఆ తరువాత సన్‌ఫిష్ ఉన్న చోటుకు వెళ్లి, 8 లేదా 10 సైజు కొక్కెంతో కట్టిన చిన్న పాపర్‌తో మొదలుపెట్టడం మంచిది. అవి చిన్నవి, కాని మొహమాటం లేనివి. పొరపాట్లను క్షమించి, ఒక్క సాయంత్రంలో ఇరవై సార్లు పాఠం చెబుతాయి. నీళ్లలో నడిచేటప్పుడు పాదం ఎత్తకుండా జరుపుకుంటూ నడవాలి. ఉరుము వినిపిస్తే గ్రాఫైట్ రాడ్ కింద పెట్టి బయటికి రావాలి. అది విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది.

పట్టిన చేపను వదిలేసే ఉద్దేశం ఉంటే, ముందు చెప్పిన ప్రాణవాయువు లెక్క మళ్లీ గుర్తుకు రావాలి. వెచ్చని నీటిలో ఎక్కువసేపు పెనుగులాడిన చేప అలసట నుంచి తేరుకోవడం కష్టం. కాబట్టి చేపకు మించిన బలమైన లీడర్ వాడి త్వరగా దరికి తేవాలి, కొక్కెం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ముందే నొక్కి చదును చేసి ఉంచాలి, చేతులు తడిపాకే ముట్టుకోవాలి. స్మాల్‌మౌత్ గుడ్లు పెట్టే కాలంలో, అంటే నీరు 15 నుంచి 18 డిగ్రీలకు చేరే రోజుల్లో, గులకరాళ్ల మధ్య ఊడ్చినట్టు శుభ్రంగా కనిపించే గుండ్రని గూటికి మగ చేప కాపలా ఉంటుంది. అది ఆకలితో కాదు, గూటి మీదకు వచ్చిందన్న కోపంతో ఫ్లైని కరుస్తుంది. దాన్ని బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే చుట్టూ పొంచి ఉన్న చిన్న చేపలు గుడ్లను తినేస్తాయి. అలాంటి గూడు కనిపిస్తే పక్కకు తప్పుకుని పోవాలి. తెలియక పట్టుబడితే ఫోటో కోసం ఆగకుండా అక్కడికక్కడే, గూటికి ఎదురుగా, తల ఎగువకు ఉండేలా నీటిలో పట్టుకుని, అది తోకతో తానే చేతిని తోసుకుని వెళ్లేదాకా ఉండాలి.